గుండె జబ్బుకు ‘స్టడీలో చేరతారా’ అంటే: సంతకం పెట్టే ముందు ఏం అడగాలి, ఎక్కడ చూసుకోవాలి

ఎకో అయిపోయి, మందుల చీటీ చేతికొచ్చి, ఇక ఇంటికి బయల్దేరదాం అనుకునేసరికి ఫైలు పట్టుకుని ఒక కో-ఆర్డినేటర్ వచ్చి ‘సార్ వాళ్లు ఒక స్టడీ చేస్తున్నారండీ, మీ నాన్నగారు దానికి సరిపోతారు, ఓ పది నిమిషాలు కూర్చుంటారా’ అని అడగడం విశాఖలో ఇప్పుడు వింతేం కాదు. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో అడగొచ్చు, రామ్‌నగర్ వైపు ప్రైవేటు ఆసుపత్రిలో అడగొచ్చు. శ్రీకాకుళం నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చిన పెద్దాయనైతే మొహమాటం లేకుండా ‘ఏటి బాబూ, మామీద ప్రయోగాలు సేత్తారేటి?’ అనేస్తాడు. సూటి ప్రశ్న. జవాబూ అంతే సూటిగా ఉండాలి: అవును, ప్రయోగమే, దానికి చట్టం పెట్టిన కట్టుబాట్లు ఉన్నాయి, మీకు కొన్ని హక్కులు ఉన్నాయి, అవి వాడుకోవాలంటే ముందు తెలియాలి.

గుండె విభాగం స్టడీల్లో కొన్నాళ్లు పనిచేశాను కాబట్టి బల్లకి అటువైపు ఏం జరుగుతుందో నాకు తెలుసు. రోగుల బంధువులు అడిగేవి ఎక్కువగా రెండే: ‘డబ్బులు కట్టాలా?’, ‘ప్రమాదం ఏమైనా ఉందా?’ రెండూ అడగాల్సినవే, కానీ వాటికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఈ స్టడీలో చేరకపోతే నాకు మామూలుగా ఏ వైద్యం అందుతుంది, చేరితే అందులో ఏం మారుతుంది? ఈ తేడాని మీ సొంత మాటల్లో ఇంట్లో ఆవిడకి చెప్పగలిగే దాకా పెన్ను పట్టుకోకండి. మిగతా ప్రశ్నలన్నీ దీని వెనకాలే వస్తాయి.

ముందు అది ఏ రకం స్టడీయో తేల్చుకోండి

స్టడీ అన్న మాటకి భయపడిపోనక్కర్లేదు, అన్నీ మందు మింగించేవి కావు. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రిలో ఎండీ, డీఎం చదివే డాక్టర్లు థీసిస్ రాయాలి, దానికోసం మీ ఈసీజీ, ఎకో, రక్త పరీక్షల వివరాలు అడుగుతారు. మీ వైద్యం ఏమీ మారదు. రిజిస్ట్రీ అనేది ఇంకోటి, అంటే గుండెపోటు వచ్చినవాళ్లందరి వివరాలు ఒకచోట రాసి పెట్టుకుని, నెలకో ఆరు నెలలకో ఫోన్ చేసి ‘ఎలా ఉన్నారు, మందులు వాడుతున్నారా’ అని అడగడం. వీటిలో మీరు చూసుకోవాల్సింది మీ వివరాల గోప్యత, అదనంగా రక్తం తీస్తారా, తీస్తే ఆ రక్తాన్ని ఎన్నాళ్లు దాస్తారు, జన్యు పరీక్షలకి వాడతారా అన్నవే.

అసలు ఆలోచించాల్సినవి కొత్త మందు, కొత్త పరికరం, లేదా ఉన్న మందునే కొత్తగా వాడి చూసే ట్రయల్స్. కొత్త మందుల ట్రయల్స్‌కి 2019లో వచ్చిన నిబంధనలు వర్తిస్తాయి, స్టెంట్లు, వాల్వులు, పేస్‌మేకర్ల లాంటి పరికరాలకి 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు వేరుగా ఉన్నాయి. పరికరమైతే అదనంగా ఒక ప్రశ్న: రేపు దాన్ని తీసేయాల్సొస్తే, లేదా బ్యాటరీ అయిపోతే, స్టడీ ముగిసిపోయాక ఆ ఖర్చు ఎవరిది? మందైతే ఆపేస్తే ఒంట్లోంచి పోతుంది, పరికరం అలా పోదు కదా.

ఇంకో గందరగోళం కూడా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ప్రతిదీ ట్రయల్ అనుకునేవాళ్లు ఉన్నారు. గుండెపోటు వచ్చినప్పుడు గడ్డ కరగడానికి ఇచ్చే టెనెక్టిప్లేజ్ ఇంజెక్షన్ ఉచితంగా ఇచ్చారంటే అది పథకం, ప్రయోగం కాదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద స్టెంట్ వేస్తే అదీ అంతే. ఛాతీలో నొప్పితో మనిషి పడి ఉన్నప్పుడు ‘ఇది ట్రయలేమో’ అని ఇంజెక్షన్ ఆపించే పని దయచేసి చేయకండి, అక్కడ ప్రతి నిమిషం గుండె కండరం ఖరీదే. అలాంటి సమయంలో ట్రయల్ గురించి నిజంగానే అడిగితే ‘ముందు మామూలుగా చేయాల్సిన వైద్యం చేయండి, దీని గురించి తర్వాత మాట్లాడదాం’ అని చెప్పే హక్కు మీకుంది.

అసలు ఈ ప్రయోగాలు ఎందుకు? అని అడిగే మామయ్యగారికి

ప్రతి ఇంట్లో ఒకరుంటారు, ‘డాక్టరుకి తెలీదా ఏ మందు మంచిదో, మనమీద చూడ్డం దేనికి’ అని. నిజంగానే తెలియని సందర్భాలు ఉంటాయి. మన ఉత్తరాంధ్రలో బాగా తెలిసిన జబ్బుతోనే చెప్తాను. చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల నొప్పులు, జ్వరం వచ్చి, అది గుండె వాల్వుల్ని పాడుచేసి, పెళ్లయ్యాకో కాన్పు సమయంలోనో ఆయాసంతో బయటపడే రుమాటిక్ గుండె జబ్బు. వీళ్లలో గుండె లయ తప్పితే లోపల రక్తం గడ్డకట్టి మెదడుకి పోతుంది, అందుకే రక్తం పలచన చేసే మందు ఇస్తారు. పాత మందులు వార్ఫరిన్, అసిట్రోమ్. వీటితో చిరాకు ఎక్కువ, రక్తం ఎంత పలచనైందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మాటిమాటికీ చేయించుకోవాలి, ఆకుకూర ఎక్కువ తింటే ఒక తంటా, జ్వరానికి ఇంకో మాత్ర వేసుకుంటే మరో తంటా. కొత్తగా వచ్చిన రివరాక్సబాన్‌కి ఆ పరీక్షల గొడవ లేదు. వాల్వు జబ్బు లేని వాళ్లలో అది బాగా పనిచేసింది కాబట్టి వీళ్లలోనూ కనీసం పాతదానితో సమానంగా పనిచేస్తుందని చాలామంది అనుకున్నారు.

ఇన్విక్టస్ అనే ట్రయల్‌లో మనదేశంతో సహా 24 దేశాల్లో దాదాపు 4,500 మంది రుమాటిక్ రోగుల్లో రెంటినీ పోల్చి చూశారు. 2022లో ఫలితం వచ్చింది. పాత మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువ, రక్తస్రావం కూడా ఎక్కువేం కాలేదు. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లు చేరబట్టే ఇవాళ పాడేరు నుంచి వచ్చిన ఒక తల్లికి డాక్టరుగారు ‘కష్టమైనా అసిట్రోమే వాడమ్మా’ అని నమ్మకంగా చెప్పగలుగుతున్నారు.

ఇంకా పాతది, ఇంకా భయపెట్టేది ఒకటుంది. గుండెపోటు తర్వాత గుండె అప్పుడప్పుడు అదనంగా కొట్టుకుంటే ప్రాణానికి ముప్పని తెలుసు, ఆ అదనపు కొట్టుకోవడాన్ని ఆపే మాత్రలూ ఉన్నాయి, ఇస్తే ఈసీజీ చక్కగా కనపడేది, డాక్టర్లకీ తృప్తిగా ఉండేది. అమెరికాలో కాస్ట్ అనే ట్రయల్ పెట్టి సగం మందికి ఆ మాత్ర, సగం మందికి మందేమీ లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. 1989లో ఆ మాత్రలిచ్చే భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఎందుకంటే మందు వేసుకున్న 730 మందిలో 56 మంది చనిపోయారు, ఉత్తి మాత్ర వేసుకున్న 725 మందిలో 22 మంది. ఈసీజీ బాగుపడింది, మనుషులు పోయారు. పోల్చి చూడకపోయి ఉంటే ఆ మందు ఇంకెన్నాళ్లు రాసేవారో.

ఈ రెండో కథలో ఇంకో సంగతి గమనించండి. ట్రయల్ నడుస్తుండగానే లెక్కలు చూసి ఆపేయమని చెప్పగల స్వతంత్ర కమిటీ ఒకటి ఉంది. మీరు చేరబోయే ట్రయల్‌కి అలాంటి కమిటీ ఉందా, మధ్యలో ఏదైనా తేడా తెలిస్తే మాకు చెప్తారా అని అడగండి. చెప్పి తీరాలి.

చీటీ వేసి ఇస్తారు, డాక్టరుకీ తెలియదు

చాలామందికి మింగుడుపడని విషయం ఇది. మీకు కొత్త మందు వస్తుందా, పాతది వస్తుందా అన్నది డాక్టరు నిర్ణయించరు, కంప్యూటరు చీటీ తీస్తుంది. చాలా ట్రయల్స్‌లో ఏది వచ్చిందో మీకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు, డబ్బా మీద నంబరే ఉంటుంది. ‘మీరు మాకు బాగా తెలుసు కదండీ, మా అమ్మకి కొత్తదే వచ్చేట్టు చూడండి’ అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. చూడలేం. పైగా కొత్తదే మంచిదని ముందే తెలిస్తే ఆ ట్రయల్ పెట్టడమే తప్పు, రుమాటిక్ మందుల సంగతి ఇప్పుడేగా చెప్పుకున్నాం.

ఉత్తి మాత్ర అన్న మాట వినగానే ‘మందు లేకుండా వదిలేస్తారు’ అని కంగారు పడతారు. గుండె జబ్బుల్లో సాధారణంగా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, బీపీ మందు లాంటివి అందరికీ నడుస్తూనే ఉంటాయి, వాటిపైన అదనంగా ఒకరికి కొత్తది, ఒకరికి ఉత్తిది. మీ ట్రయల్‌లో అలాగే ఉందా, లేక ఉన్న మందు ఏదైనా ఆపిస్తున్నారా అని విడిగా, గట్టిగా అడగండి. ఆపిస్తుంటే ఎన్ని రోజులు, ఆ రోజుల్లో ఏమైనా అయితే ఎవరు చూస్తారు? ‘ఏం కాదులెండి’ అన్న జవాబు చాలదు.

కాగితం ఇంటికి తెచ్చుకోండి

సమాచార పత్రం, సమ్మతి పత్రం అని రెండు ఉంటాయి, రెండూ కలిపి పది ఇరవై పేజీలు కూడా ఉండొచ్చు. తెలుగులోనే ఇమ్మనండి. తెలుగులో ఉన్నంత మాత్రాన అర్థమవుతుందని కాదు, కొన్ని పత్రాల్లో తెలుగు చదువుతుంటే తల తిరుగుతుంది, ‘యాదృచ్ఛికీకరణ’ అంటే ఇందాక చెప్పిన చీటీ వేయడమేనని ఏ పల్లెలో ఎవరికి తెలుస్తుంది? అర్థం కాని చోట గీత గీసి చదివి చెప్పించుకోండి. అరకు, పాడేరు కొండల నుంచి కువి మాట్లాడేవాళ్లు వస్తారు, వాళ్లకి తెలుగు కాగితం కూడా పరాయిదే, వాళ్ల మాట వచ్చిన మనిషిని కూర్చోబెట్టే బాధ్యత ఆసుపత్రిది.

చదవడం రాని వాళ్లయితే వేలిముద్ర ఒక్కటే చాలదు. వివరించేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా పక్కన ఒక నిష్పాక్షిక సాక్షి ఉండాలి, అంటే స్టడీ జట్టుతో సంబంధం లేని మనిషి. అన్నీ అయ్యాక పిలిచి సంతకం పెట్టించిన వార్డుబాయ్ సాక్షి కాడు. సరికొత్త మందుల ట్రయల్‌లో బలహీన వర్గాల వాళ్లని, అంటే పిల్లలు, పేదలు, ఒత్తిడికి లొంగిపోయే పరిస్థితిలో ఉన్నవాళ్లని చేర్చుకుంటే ఈ మాటలన్నీ వీడియో తీయాలని నిబంధన ఉంది. కెమెరా పెడితే బెదిరిపోకండి, అది మీ రక్షణకే. ఆ కెమెరా ముందే మీ అనుమానాలన్నీ అడగండి, రికార్డులో ఉంటాయి.

పత్రంలో మీ సంపాదన ఎంత, నామినీ ఎవరు అని గడులు ఉంటాయి. నామినీ అనగానే ఇంట్లో ఆడవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను, ‘అంటే పోతారనేనా’ అని. ప్రతి పత్రంలోనూ ఆ గడి ఉండాలని నిబంధనే చెప్తుంది, ఒకవేళ జరగరానిది జరిగితే పరిహారం ఎవరికివ్వాలో తెలియడానికి. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు రాసినట్టే రాయండి. అది ఖాళీగా వదిలేస్తే నష్టం మీ ఇంటికే.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజే సంతకం పెట్టాలన్న రూలేమీ లేదు. గుండెపోటు లాంటి అత్యవసర స్టడీలు వేరు, మిగతావాటికి ‘ఇంట్లో మాట్లాడుకుని వచ్చే వారం చెప్తామండీ’ అంటే ఎవరూ కాదనకూడదు. కాదని తొందర పెడితే అదే పెద్ద అనుమానం. మీ ఇంటి దగ్గర ఎప్పుడూ చూసే డాక్టరుకి, ట్రయల్‌తో సంబంధం లేని ఆయనకి, ఆ కాగితం చూపించండి. సంతకం పెట్టాక నింపిన పత్రం కాపీ మీకు ఇచ్చి తీరాలి, జిరాక్స్ మిషను పాడైందంటే ఫోన్లో ఫొటో తీసుకోండి, మళ్లీ వెళ్లినప్పుడు కాపీ అడిగి తీసుకోండి.

సీటీఆర్ఐలో వెతకడం

కాలేజీ చదివే మీ అబ్బాయికో అమ్మాయికో అప్పజెప్పండి, పది నిమిషాల పని. మనదేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ పేరు సీటీఆర్ఐ, 2007 జూలైలో కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ సంస్థ ఆధ్వర్యంలో మొదలైంది, 2009 జూన్ నుంచి మందుల ట్రయల్స్ అందులో నమోదు కావడం తప్పనిసరి అయింది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోక ముందే నమోదైతేనే తీసుకుంటున్నారు. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

కో-ఆర్డినేటర్‌ని సీటీఆర్ఐ నంబరు అడగండి. సీటీఆర్ఐ అని మొదలై, గీత గీసి సంవత్సరం, నెల, తర్వాత ఒక అంకె ఉంటుంది. సీటీఆర్ఐ వెబ్‌సైట్లో అది కొడితే పేజీ వస్తుంది, ఇంగ్లీషులో ఉంటుంది కానీ చూడాల్సినవి కొన్నే. డబ్బు పెడుతున్నది ఎవరు? స్టడీ జరిగే చోట్లలో మీ ఆసుపత్రి పేరు, మీ డాక్టరు పేరు ఉన్నాయా? స్టడీ రోగులకి న్యాయంగా ఉందో లేదో చూసే ఆ ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందని ఉందా, ఇంకా పెండింగ్ అని ఉందా? ఎవరిని చేర్చుకోకూడదు అన్న జాబితాలో మీకున్న జబ్బు, ఉదాహరణకి కిడ్నీ సమస్య, ఉందా? ఈ ఆఖరిది చాలామంది వదిలేస్తారు, నన్నడిగితే పేజీ మొత్తంలో రోగికి నేరుగా పనికొచ్చేది అదే. మీకు కిడ్నీ జబ్బు ఉన్న సంగతి స్టడీ జట్టుకి తెలియకపోయి ఉండొచ్చు, పాత రిపోర్టులు వేరే ఆసుపత్రిలో ఉంటాయి కదా.

నంబరు లేదు, ‘ఇంకా వస్తుందండీ’ అంటే వచ్చాకే మాట్లాడదాం అనండి.

ఎథిక్స్ కమిటీ అంటే ఏదో డాక్టర్లు డాక్టర్లు కలిసి కూర్చునేది అనుకుంటారు. కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ సంస్థకి చెందనివాళ్లు, ఛైర్‌పర్సన్ బయటివారే, ఒక సామాన్యుడు, ఒక మహిళ, చట్టం తెలిసినవారు ఒకరు ఉండి తీరాలి. వాళ్ల సభ్య కార్యదర్శి ఫోన్ నంబరు మీ సమాచార పత్రం చివర ఉంటుంది. ఆ నంబరు మీ ఫోన్లో సేవ్ చేసుకోండి.

చేరాల్సింది బిడ్డయితే

పిల్లల గుండె జబ్బులు పెద్దలవాటిలా ఉండవు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం, రక్తనాళాలు తారుమారుగా ఉండడం లాంటివి, ప్రతి వెయ్యి మంది పుట్టిన పిల్లల్లో ఎనిమిది తొమ్మిది మందికి ఏదో ఒక లోపం ఉంటుంది. ‘పెద్దవాళ్లకి పనిచేసిన మందు సగం మోతాదులో ఇస్తే సరిపోదా’ అని అడుగుతారు. సరిపోదనే ట్రయల్స్ చెప్పాయి. పెద్దల్లో గుండె బలహీనతకి ప్రాణం నిలిపే మందుగా పేరుపడ్డ కార్వెడిలాల్‌ని 161 మంది పిల్లల్లో చూస్తే, 2007లో వచ్చిన ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అదే ఇంకోవైపు, ఉగాండాలో ఎకోలో మాత్రమే కనపడే తొలిదశ రుమాటిక్ జబ్బున్న 818 మంది పిల్లల్ని రెండు భాగాలు చేసి ఒక భాగానికి నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండేళ్లకి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో జబ్బు ముదిరింది నూటికి ఒక్కరికన్నా తక్కువమందిలో, తీసుకోనివాళ్లలో నూటికి ఎనిమిది మందికి. పిల్లల గురించి పిల్లల్లోనే తేలాలి.

కానీ పిల్లల విషయంలో జాగ్రత్తలూ రెట్టింపు. సంతకం తల్లిదండ్రులదే. రిస్కు కాస్త ఎక్కువగా ఉండి బిడ్డకి నేరుగా మేలు లేకపోతే ఇద్దరి సంతకం అడగొచ్చు, కాబట్టి ‘వాళ్ల నాన్న గల్ఫులో ఉన్నాడు’ లాంటి సంగతి ముందే చెప్పండి. ఏడేళ్లు దాటిన పిల్లలకి వాళ్లకి తెలిసే మాటల్లో చెప్పి, నోటితో ఒప్పుకోలు తీసుకోవాలి, పన్నెండు దాటితే వాళ్ల కోసం విడిగా తేలిక భాషలో రాసిన పత్రం మీద వాళ్లే సంతకం పెట్టాలి. దీన్ని తంతుగా తీసుకునేవాళ్లు ఉన్నారు, ‘వాడికేం తెలుసండీ, చిన్నపిల్లాడు’ అని అమ్మే అడ్డుపడుతుంది. పిల్లాడికి తెలుస్తుంది. మాటిమాటికీ సూది పొడిపించుకోవాల్సింది వాడే, ‘ఎన్నిసార్లు రక్తం తీస్తారు’ అని వాడే అడుగుతాడు, ఆ ప్రశ్న మనకి తట్టదు. స్టడీ మధ్యలో పద్దెనిమిది నిండితే అప్పుడు వాళ్ల సొంత సమ్మతి మళ్లీ తీసుకోవాలి.

హాస్టల్లో ఉండి చదివే పిల్లల తల్లిదండ్రులు, ముఖ్యంగా ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల్ని ఉంచినవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. వార్డెన్ గానీ హెడ్మాస్టరు గానీ మీ బదులు సంతకం పెట్టడం కుదరదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన కార్యక్రమంలో హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడి, 2010లో కార్యక్రమాన్నే ఆపేశారు, పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. అది గుండెకి సంబంధించింది కాదు, అయినా ఈ ప్రాంతంలో ‘ప్రయోగం’ అంటే ఉలిక్కిపడడానికి కారణం అలాంటివే, ఆ ఉలికిపాటుని వెటకారం చేసే హక్కు ఎవరికీ లేదు. బడిలో గుండె పరీక్షల క్యాంపు పెట్టి ఎకో తీస్తే మంచిదే, అది చికిత్స కోసమా స్టడీ కోసమా అని మాత్రం అడగండి.

డబ్బు, గాయం, పరిహారం

ట్రయల్ మందుకీ, ట్రయల్ కోసం అదనంగా చేసే పరీక్షలకీ మీరు డబ్బు కట్టకూడదు. రానుపోను ఖర్చులు ఇస్తారా, ఆ రోజు కూలి పోతే దానికేమైనా ఉందా అని సిగ్గుపడకుండా అడగండి. ఇచ్ఛాపురం నుంచి నెలకోసారి ద్వారకా బస్టాండులో దిగి ఆటో ఎక్కి రావడమంటే ఇద్దరు మనుషుల రోజు పోయినట్టే. అలాగని ‘చేరితే ఇంత ఇస్తాం’ అని పెద్ద మొత్తం చూపించి పిలిస్తే వద్దనుకోవడమే మంచిది, ఆశ పెట్టి చేర్చుకోవడం నిబంధనలకి విరుద్ధం. వైద్య సేవ పథకం కింద వైద్యం నడుస్తుంటే ఏ పరీక్ష పథకం ఖాతాలో, ఏది ట్రయల్ ఖాతాలో అని కాగితం మీద రాయించుకోండి, ఈ లెక్క తర్వాత డిశ్చార్జ్ రోజున కౌంటర్ దగ్గర తెగదు.

ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి. హాని ట్రయల్ వల్లే అని తేలితే పరిహారం వేరే. మందు వికటించడమే కాదు, ట్రయల్ కోసం చేసిన పరీక్షలో దెబ్బ తగిలినా, ఉత్తి మాత్ర ఇస్తూ అందుబాటులో ఉన్న మామూలు వైద్యం ఇవ్వకపోవడం వల్ల నష్టం జరిగినా, గర్భంలో బిడ్డకి హాని జరిగినా అందులోకే వస్తుంది. మరణమైతే 8 లక్షల రూపాయల మూల మొత్తాన్ని తీసుకుని, వయసుకీ జబ్బు తీవ్రతకీ ఉన్న గుణకాలతో లెక్క కడతారు. చిన్న వయసు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లయితే ఎక్కువ, జబ్బు ముదిరినవాళ్లయితే తక్కువ. అందుకే చేరేటప్పుడు వయసు, జబ్బు వివరాలు పత్రంలో సరిగ్గా రాశారో లేదో చూసుకోవాలి. ఆసుపత్రిలో చేరాల్సినంత తీవ్రమైనది ఏది జరిగినా డాక్టరు 24 గంటల్లో పైకి తెలియజేయాలి. మీరు చెప్తేనే కదా ఆయనకి తెలిసేది. గాజువాకలో వేరే ఆసుపత్రిలో చేరి, వారం తర్వాత తీరిగ్గా చెప్పకండి.

ఒక తేడా గుర్తుంచుకోండి. ఈ పరిహారం లెక్కలు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతితో జరిగే కొత్త మందుల ట్రయల్స్‌కి. కాలేజీ డాక్టర్లు సొంతంగా చేసే చదువు స్టడీలకి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది గానీ వెనక డబ్బున్న కంపెనీ ఉండదు, కాబట్టి హాని జరిగితే ఎవరు చూస్తారన్నది ఆ పత్రంలోనే వెతకాలి.

చేరాక రోజువారీ పనులు

ట్రయల్ కార్డు ఇస్తారు, పర్సులో ఆధార్ పక్కన పెట్టుకోండి. రోడ్డు మీద పడిపోతే తీసుకెళ్లినవాళ్లకి అది కనపడాలి, దాని మీద 24 గంటల నంబరు ఉంటుంది. ఏ మందు వాడుతున్నారో డాక్టరుకే తెలియని ట్రయల్‌లో, ప్రాణం మీదికొస్తే ఆ గుట్టు విప్పి చెప్పే ఏర్పాటు ఉంటుంది, దానికీ ఆ నంబరే.

ఇంట్లో వాడే అన్ని మందులూ చెప్పండి. బీపీ, షుగర్ మాత్రలే కాదు, మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర, ఆయుర్వేద లేహ్యం, ఎవరో ఇచ్చిన నాటు మందు, అన్నీ. ‘డాక్టరుగారు తిడతారని’ దాచేవాళ్లు ఉన్నారు, రక్తం పలచన చేసే మందుల స్టడీలో నొప్పి మాత్ర దాచడం ప్రమాదకరం. పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లైతే గర్భం వస్తే వెంటనే చెప్పాలి, కొన్ని గుండె మందులు బిడ్డకి హాని చేస్తాయి. మిగిలిన మాత్రలు, ఖాళీ షీట్లు పారేయకండి, లెక్క పెడతారు. ఒక పూట మర్చిపోయి ఉంటే మర్చిపోయానని చెప్పేయండి, ఎవరూ ఏమీ అనరు, వేసుకున్నానని అబద్ధం చెప్తేనే లెక్క చెడుతుంది.

మానేయాలనిపిస్తే

ఏ రోజైనా, ఏ కారణం చెప్పకుండా, మానేయొచ్చు. మానేస్తే ఆ ఆసుపత్రిలో మీ మామూలు వైద్యానికి ఇబ్బంది రాకూడదు. ఒక్కటే షరతు, మీకుగా మీరు మందు ఆపేసి కూర్చోకండి, గుండె మందుల్లో కొన్ని ఒక్కసారిగా ఆపితే ముప్పు. వెళ్లి ‘మానేస్తున్నాం, మందు ఎలా తగ్గించాలో చెప్పండి’ అనండి. అప్పటిదాకా సేకరించిన వివరాలు, దాచిన రక్తం ఏమవుతాయో కూడా అప్పుడే అడగండి. ఎవరైనా ‘మధ్యలో మానేస్తే ఖర్చంతా కట్టాలి’ అని బెదిరిస్తే ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శికి ఫోన్ చేయండి, ఇందాక సేవ్ చేసుకోమన్నది అందుకే. అక్కడ తేలకపోతే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకి రాయొచ్చు, హైదరాబాదులో వాళ్ల జోనల్ ఆఫీసు ఉంది. ఉత్తరం తెలుగులో రాసినా పర్వాలేదు, సీటీఆర్ఐ నంబరు, ఆసుపత్రి పేరు, మీ సమ్మతి పత్రం కాపీ జత చేయండి.

మానేయకుండా చివరిదాకా ఉన్నవాళ్లు ఆఖరి విజిట్ రోజున రెండు అడగాలి. ట్రయల్ మందు నాకు బాగా పనిచేస్తుంటే, అది మార్కెట్లోకి వచ్చేలోపు నాకు ఇస్తారా, ఇవ్వకపోతే రేపటి నుంచి ఏ మందు వాడాలి? ఇంకోటి, నాకు ఏది వచ్చిందో, మొత్తంగా ఏం తేలిందో ఎప్పుడు చెప్తారు? ఫలితం రావడానికి ఏళ్లు పట్టొచ్చు, కో-ఆర్డినేటర్లు మారిపోతారు, డాక్టరుగారికి బదిలీ అవుతుంది, కాబట్టి ఆ సీటీఆర్ఐ నంబరున్న కాగితాన్ని పాత ఈసీజీలతో పాటు ఫైల్లోనే ఉంచండి.